బటన్ నొక్కేది గోడౌన్‌లో, లెక్క మారేది హెడ్డాఫీసులో

పెద్ద ఫ్యాక్టరీ గోడౌన్ ముందు లారీ ఆగింది. డెలివరీ చలాన్ మీద 500 బేరింగులని ఉంది. స్టోర్స్ ఉద్యోగి లెక్కపెడితే 480 తేలాయి. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని పర్చేజ్ ఆర్డర్ నంబర్ కొట్టాడు, క్వాంటిటీ దగ్గర 480 వేసి సేవ్ నొక్కాడు. అర నిమిషం పని. ఆయన లెక్కలో అది సరుకు దించుకోవడమే. కానీ ఆ ఒక్క సేవ్‌తో కంపెనీ ఖాతాల్లో రెండు పద్దులు పడ్డాయి. నిల్వల విలువ పెరిగింది, ఇంకా బిల్లు రాని బాకీ ఒకటి పుట్టింది. ప్రొడక్షన్ ప్లానింగ్ స్క్రీన్ మీద 480 బేరింగులు వాడకానికి సిద్ధంగా కనిపించాయి. కొనుగోలు విభాగానికి ఇంకా 20 రావాలని తెలిసింది. డెబిట్, క్రెడిట్ అనే మాటలు ఆయన నోటి వెంట ఎప్పుడూ వచ్చి ఉండవు. అయినా ఆ నెల బ్యాలెన్స్ షీటులో ఆయన చెయ్యి పడింది.

కొనుగోలు, నిల్వలు, ఖాతాలు అన్నిటినీ ఒకేచోట నడిపే ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంపెనీలు ఎందుకు పెట్టుకుంటాయంటే లెక్కలు సులువవుతాయని చాలామంది చెబుతారు. లెక్కలు రాసుకోవడానికి చిన్న ప్యాకేజీ సరిపోతుంది, దానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఇరవై ముప్పై దేశాల్లో వేలమంది పనిచేసే చోట అసలు ఇబ్బంది ఇంకోటి. ముఖాలు కూడా ఎరగని మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మి డబ్బు కదపాలి. స్టోర్స్‌లో వేసిన 480ని నమ్మి ఎక్కడో ఉన్న అకౌంట్స్ సెక్షన్ పేమెంటు పంపాలి. ఆ నమ్మకానికి ఆధారం సిస్టమ్‌లో పడ్డ ఎంట్రీయే. అందుకే ఈ ఆఫీసుల్లో ‘సరుకు వచ్చిందా’ అని అడిగేవాళ్లకంటే ‘సిస్టమ్‌లో ఎక్కిందా’ అని అడిగేవాళ్లే ఎక్కువ. ఈ సాఫ్ట్‌వేర్ బలం అక్కడే ఉంది. దీన్ని పెట్టుకుని కంపెనీలు తిన్న పెద్ద పెద్ద దెబ్బలు కూడా అక్కడి నుంచే వచ్చాయి.

ఫలానా వస్తువు తయారవ్వాలంటే ఏ విడిభాగం ఎప్పటికి ఎన్ని కావాలో కంప్యూటర్‌తో లెక్క కట్టడం 1960ల్లోనే అమెరికా ఫ్యాక్టరీల్లో మొదలైంది. దాన్ని ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) అన్నారు. అయితే ఆ ప్లానింగ్ ఒక దారి, అకౌంట్స్ ఇంకో దారి. ఒకదాని లెక్క రెండోదానికి చేరాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఎక్కించాలి. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో ఎస్‌ఏపీ కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి కస్టమర్ ఐసీఐ అనే బ్రిటిష్ రసాయనాల సంస్థకు జర్మనీలో ఉన్న నైలాన్ ఫ్యాక్టరీ. సొంతంగా కంప్యూటర్ కొనే స్తోమత లేక కస్టమర్ మెషీన్ మీదే రాత్రుళ్లూ, శని ఆదివారాలూ పనిచేశారు. వాళ్ల ప్రొడక్టుల పేర్లలో ‘ఆర్’ అంటే రియల్ టైమ్. పగలంతా పంచ్ కార్డులు పోగేసి ఒకేసారి మెషీన్‌కు ఎక్కించే రోజుల్లో, ఎంట్రీ వేసిన క్షణానే లెక్క మారాలన్నది వాళ్ల పట్టుదల. గోడౌన్‌లో నొక్కిన బటన్ అప్పటికప్పుడే ఖాతాల దాకా వెళ్లడానికి మూలం అదే. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు ఈఆర్‌పీ (ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్) అనే పేరు 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ పెట్టింది. ఆ దశాబ్దం చివర్లో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా చదువుతాయనే వైటూకే భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే కంటే మొత్తం తీసేసి కొత్తది కొనడమే మేలని బోలెడన్ని కంపెనీలు ఇటు మళ్లాయి.

మళ్లీ ఆ 480 దగ్గరికి వస్తే, వారం తర్వాత సప్లయర్ 500కి బిల్లు పంపాడు. అకౌంట్స్‌లో దాన్ని ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆర్డర్ ఎంతకి ఇచ్చారు, సరుకు ఎంత దిగింది, బిల్లు ఎంతకి వచ్చింది. దీన్ని త్రీ-వే మ్యాచ్ అంటారు. తేడా హద్దు దాటితే బిల్లు పేమెంటుకు వెళ్లకుండా బ్లాక్ అవుతుంది. సప్లయర్ ఫోన్ చేస్తాడు. ‘మా వైపు అంతా క్లియర్ సార్, అకౌంట్స్‌లో పెండింగ్’ అంటారు కొనుగోలు వాళ్లు. ‘సిస్టమ్ బ్లాక్ చేసింది, స్టోర్స్ వాళ్లు సరిచేయాలి’ అంటారు అకౌంట్స్ వాళ్లు. ‘దిగింది 480, నేను 500 ఎలా వేస్తాను’ అంటాడు స్టోర్స్ ఉద్యోగి. ముగ్గురూ చెబుతున్నది నిజమే. ఇరవై బేరింగుల తేడాకు మొత్తం బిల్లు ఆగిపోయింది. వినడానికి చిరాకుగా ఉంటుంది గానీ, కంపెనీ ఇంత డబ్బు పోసి కొనుక్కున్నది ఈ చిరాకునే. అది లేకపోతే రాని సరుకుకు కూడా బిల్లు కట్టేసేవాళ్లు, కట్టినట్టు ఎవరికీ తెలిసేది కూడా కాదు.

ఎస్‌ఏపీ వాడే చోట సరుకు ఎక్కించే స్క్రీన్‌ను ‘మిగో’ అనీ, బిల్లు ఎక్కించే స్క్రీన్‌ను ‘మిరో’ అనీ పిలుస్తారు. అవి ఆ స్క్రీన్ల కోడ్‌లు. ‘మిగో అయింది, మిరో ఆగింది’ అంటే ఆ ఆఫీసుల్లో ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఈ రెండింటి మధ్య జీఆర్-ఐఆర్ (గూడ్స్ రిసీట్-ఇన్వాయిస్ రిసీట్) అని ఒక ఖాతా నడుస్తుంటుంది. సరుకు దిగినప్పుడు బాకీ అందులో పడుతుంది, బిల్లు ఎక్కినప్పుడు అక్కడ తీరి సప్లయర్ ఖాతాలోకి మారుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఒక్కో ఆర్డర్ లెక్క చివరికి సున్నాకు రావాలి. కానీ సరుకు వచ్చి బిల్లు రానివి, బిల్లు వచ్చి సరుకు ఎక్కనివి, ధర తేడా పడినవి అందులో ఏళ్ల తరబడి పేరుకుంటాయి. ఒక కంపెనీలో గోడౌన్‌కూ కొనుగోలు విభాగానికీ అకౌంట్స్‌కూ ఎంత పొత్తు కుదిరిందో తెలుసుకోవాలంటే వార్షిక నివేదిక చదవనక్కర్లేదు, ఈ ఖాతాలో మిగిలిపోయిన పద్దులు చూస్తే చాలు.

ఎంట్రీకి ఇంత విలువ ఉన్నప్పుడు ఎంట్రీ వేసే హక్కు ఎవరిదన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. కొత్త సప్లయర్ పేరును, బ్యాంకు ఖాతాను సిస్టమ్‌లో పెట్టే మనిషికే పేమెంటు పంపే అధికారం కూడా ఉందనుకుందాం. లేని కంపెనీని పుట్టించి దానికి డబ్బు పంపుకోవచ్చు. అందుకే ఈ రెండు అధికారాలూ ఒకే లాగిన్‌కు ఇవ్వరు. ఎన్రాన్, వరల్డ్‌కామ్ అనే కంపెనీల దొంగలెక్కల కుంభకోణాల తర్వాత అమెరికా 2002లో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం తెచ్చింది. లెక్కలు సరిగ్గా ఉంటే సరిపోదు, ఆ లెక్కలు తయారయ్యే పద్ధతిలో తప్పు దొర్లకుండా ఏ కట్టుబాట్లున్నాయో కూడా యాజమాన్యం చూపించాలని ఆ చట్టం అడిగింది. దాంతో ఎవరికి ఏ స్క్రీన్ తెరుచుకుంటుందనే జాబితా ఐటీ వాళ్ల గొడవగా మిగలకుండా ఆడిటర్ల బల్ల మీదికి చేరింది. ఉద్యోగి ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మారినప్పుడు కొత్త అధికారాలు వెంటనే వస్తాయి. పాతవి తీసేయాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. పదేళ్లు పనిచేసిన మనిషి లాగిన్‌లో కంపెనీ సగం తెరుచుకుంటుందంటే కారణం ఇదే.

అంచెలంచెల ఆమోదాలు పెట్టుకున్నంత మాత్రాన గండం గడవదని 2020 ఆగస్టులో సిటీబ్యాంక్‌కు తెలిసొచ్చింది. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ తరఫున, దానికి అప్పిచ్చినవాళ్లకు వడ్డీ కింద దాదాపు 78 లక్షల డాలర్లు పంపాల్సి ఉంది. ఫ్లెక్స్‌క్యూబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పనికి ఒక చుట్టుదారి తొక్కాలి. మొత్తం అప్పు తీర్చేస్తున్నట్టు ఎంట్రీ వేసి, అసలు మాత్రం బయటికి పోకుండా బ్యాంకు లోపలి ఖాతాకు మళ్లించాలి. అందుకు ఆ లోపలి ఖాతా నంబర్‌ను స్క్రీన్ మీద ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు చోట్లా వేయాలి. ప్రిన్సిపల్ దగ్గర ఒక్కచోటే వేశారు. ఎంట్రీ వేసింది ఒకరు, సరిచూసింది ఇంకొకరు, ఆఖరి ఆమోదం ఇచ్చింది మూడో వ్యక్తి. డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగించాలా అని స్క్రీన్ అడిగింది కూడా. ఎంత డబ్బు అన్నది ఆ హెచ్చరికలో లేదు. వడ్డీ ఎలాగూ బయటికే వెళ్లాలి కాబట్టి అవునన్నారు. వెళ్లింది దాదాపు 90 కోట్ల డాలర్లు. అందులో సుమారు 50 కోట్ల డాలర్లు అందుకున్నవాళ్లు తిరిగి ఇవ్వం పొమ్మన్నారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేశాకే సిటీబ్యాంక్ ఊపిరి పీల్చుకుంది.

ముగ్గురు చూసి ఓకే అన్నారనే సంగతి సిస్టమ్‌లో పక్కాగా రికార్డయింది. ముగ్గురూ ఆ స్క్రీన్‌ను ఒకేలా తప్పుగా అర్థం చేసుకున్నారన్నది రికార్డు కాలేదు. మామూలు ఆఫీసుల్లో ఇంత దాకా రాదు గానీ తంతు ఇదే. ఫోన్‌లో పాతిక అప్రూవల్స్ వరసగా వచ్చి పడితే, మీటింగుకీ మీటింగుకీ మధ్య నాలుగు నిమిషాల్లో మేనేజర్ అన్నీ నొక్కేస్తాడు. కింద ఎవరో చూసే ఉంటారని ఆయన ధీమా. పైన ఎవరో చూస్తారులే అని కిందివాళ్ల ధీమా.

సాఫ్ట్‌వేర్ కొన్నాక మొదటి తగాదా ఎవరు మారాలన్న దాని మీద వస్తుంది. ఈ ప్యాకేజీల్లో కొనుగోలు ఇలా చేయాలి, అమ్మకం ఇలా చేయాలి, నెల లెక్క ఇలా మూయాలి అని ఒక పద్ధతి ముందే కట్టి ఉంటుంది. కొంతవరకు సెట్టింగులు మార్చుకోవచ్చు. ఎన్ని కంపెనీ కోడ్‌లు, ఎన్ని ప్లాంట్లు, ఎంత మొత్తం దాటితే ఎవరి ఆమోదం కావాలి లాంటివి అవి. అంతకు మించి కావాలంటే ప్రోగ్రామర్లతో కొత్తగా కోడ్ రాయించాలి. ప్రతి విభాగానికీ తన పద్ధతి ప్రత్యేకమైనదనే నమ్మకం గట్టిగా ఉంటుంది. ‘మా దగ్గర అలా కుదరదండీ’ అన్న మాట ఈ ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఖరీదైనది. జర్మన్ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో ఎస్‌ఏపీతో ఒక భారీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ ప్యాకేజీ నిల్వల విలువను అమ్మకపు ధరతో లెక్క కడుతుంది. లిడ్ల్ అలవాటు కొన్న ధరతో లెక్క కట్టడం. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుంటూ పోయింది. ఏడేళ్లకు, 2018లో, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చే సమయానికి ప్రాజెక్టు ఆపేసి పాత సిస్టమ్‌కే వెళ్లిపోయింది. ఆ ఒక్క తేడాతోనే అంతా మునిగిందనడం మరీ సులువైన వివరణే. కానీ అలాంటి తేడా ఒకటి మొదట్లోనే తేల్చుకోకుండా ముందుకు పోతే, అది ప్రతి స్క్రీన్‌లోకీ ప్రతి రిపోర్టులోకీ పాకుతుంది.

అలాగని కంపెనీయే ప్రతిదానికీ తలవంచాలని కూడా లేదు. మార్కెట్‌లో తనను నిలబెడుతున్న పద్ధతి ఏదైనా ఉంటే దాన్ని సాఫ్ట్‌వేర్ కోసం వదులుకోవడం తెలివితక్కువ. చిక్కేమిటంటే అలాంటివి రెండో మూడో ఉంటాయి, మీటింగులో మాత్రం రెండొందలు బయటికొస్తాయి. సెలవు దరఖాస్తు ఫారం రంగు కూడా వాటిలో చేరుతుంది.

రెండో తగాదా డేటాది. సాఫ్ట్‌వేర్ వాళ్లు మాస్టర్ డేటా అనేది నిజానికి పేర్ల పట్టిక: వస్తువులు, సప్లయర్లు, కస్టమర్లు, ధరలు, కొలతలు. పని చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది కాబట్టి కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారు. బోల్టును ఆర్డర్ పెట్టేది పెట్టెల్లో, వాడేది ఒక్కొక్కటిగా. ఒక పెట్టెలో వంద బోల్టులని పట్టికలో వేయడం మరిచిపోతే, పది పెట్టెలు కావాల్సిన చోట వెయ్యి పెట్టెలకు ఆర్డర్ పోతుంది. సిస్టమ్ తప్పు పట్టదు, దానికి వెయ్యి అంకె మాత్రమే తెలుసు. అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ 2013లో కెనడాలో అడుగుపెట్టినప్పుడు ఇదే జరిగింది, కాకపోతే దేశమంత పెద్ద ఎత్తున. వేలాది వస్తువుల వివరాలు హడావుడిగా ఎక్కించారు. పొడవు వేయాల్సిన చోట వెడల్పు, సెంటీమీటర్లు వేయాల్సిన చోట అంగుళాలు పడ్డాయి. పంపిణీ కేంద్రాలు సరుకుతో కిటకిటలాడుతుంటే షాపుల్లో అరలు ఖాళీగా ఉన్నాయి. 2015 జనవరిలో 133 షాపులూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. ధరలు, షాపుల చోట్లు లాంటి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా సరుకు ఉండి కూడా అరకు చేరకపోవడానికి మూలం మాత్రం ఆ పట్టికే.

సరుకు ఉండి కూడా లేనట్టయిన ఇంకో కథ హెర్షీ చాక్లెట్లది. 1999 జులైలో సుమారు 11 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త సిస్టమ్ ఆన్ చేసింది. ఏప్రిల్‌లో కావాల్సింది ఆలస్యమై, అమెరికాలో మిఠాయిల గిరాకీ మొదలయ్యే వేళకు పడింది. అక్టోబరు చివర్లో వచ్చే హాలోవీన్ పండుగకు చాక్లెట్లు తయారుగానే ఉన్నాయి. కానీ అవి ఉన్న చోట్లన్నీ సిస్టమ్‌లో లేవు. రద్దీ రోజుల్లో ఖాళీ గదుల్లో, అద్దె గోడౌన్లలో సరుకు సర్దేయడం అక్కడ పాత అలవాటు. పాతకాపులకు ఎక్కడేముందో నోటికి తెలుసు. కొత్త సిస్టమ్‌కు ఆ గదుల సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకని అది అక్కడ వెతకలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు షాపులకు అందలేదు, ఆ త్రైమాసికం లాభం 19 శాతం పడిపోయింది. పాత పద్ధతిలో ఒక ముసలి సూపర్‌వైజర్ జ్ఞాపకశక్తి చేసే పనికి కొత్త పద్ధతిలో ఒక స్టోరేజ్ లొకేషన్ కోడ్ కావాలి. ఆ కోడ్ పెట్టాలంటే ముందు ఆ సూపర్‌వైజర్‌ను ఎవరో పిలిచి అడగాలి. ప్రాజెక్టు ప్లాన్లలో ఈ అడగడానికి కేటాయించే రోజులే అన్నిటికంటే ముందు కోతకు గురవుతాయి.

ఇన్ని కోట్లు పెట్టి ఇంత సిస్టమ్ కట్టాక, అందులో ఎక్కువమంది ఇష్టంగా నొక్కేది మాత్రం ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ చేసే బటన్‌నే. దీన్ని క్రమశిక్షణ లేకపోవడంగా చూడటం ఐటీ విభాగాల అలవాటు. అది సరైన చూపు కాదు. కొత్త రిపోర్టు కావాలని అడిగితే మూడు నెలలు పడుతుంది, మేనేజర్‌కు లెక్క సాయంత్రానికి కావాలి. ఉద్యోగి ఎక్సెల్ తెరవక ఏం చేస్తాడు? ప్రమాదం మాత్రం చిన్నది కాదు. ఎక్సెల్‌లోకి దిగిన క్షణం నుంచి ఆ అంకెకు వెనక ఎవరున్నారు, ఎప్పుడు మార్చారు అన్న జాడ పోతుంది. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు, తన లండన్ ఆఫీసు వేసిన భారీ ట్రేడింగ్ పందేల వల్ల ‘లండన్ వేల్’ అని పేరుపడ్డ వ్యవహారంలో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. రిస్క్ ఎంతుందో లెక్క కట్టే మోడల్ ఎక్సెల్ షీట్ల మీద నడిచిందనీ, ఒక షీటు నుంచి ఇంకో షీటుకు చేత్తో కాపీ పేస్ట్ చేశారనీ, ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారనీ బ్యాంకు సొంత విచారణే తేల్చింది. నష్టానికి అసలు కారణం ట్రేడింగ్ పందేలే. ఆ పందేలు ఎంత పెద్దవో సమయానికి తెలియకుండా చేసినవాటిలో ఆ షీట్లూ ఉన్నాయి.

ఇప్పుడు ఒకే పెద్ద సిస్టమ్ అనే ఆశ కూడా పలచబడింది. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ కస్టమర్ల పని తీసుకుంది, 2005లో మొదలైన వర్క్‌డే ఉద్యోగుల లెక్కలు తీసుకుంది, ప్రయాణ ఖర్చులకు ఇంకోటి, టెండర్లకు మరోటి. అన్నీ క్లౌడ్‌లోనే, చందా మీదే. ఒక్కోటి దాని పనిలో బాగానే ఉంటుంది. కానీ కస్టమర్ అడ్రస్ మారితే ఎన్ని చోట్ల మారాలి? మధ్యలో ఒకదాని డేటాను ఇంకోదానికి చేరవేసే ఇంటర్‌ఫేస్‌లు పెడతారు. రాత్రి ఒకటిన్నరకు ఒక ఇంటర్‌ఫేస్ ఆగిపోయి, తెల్లారేసరికి రెండు సిస్టమ్‌లలో రెండు అడ్రస్‌లు ఉంటే ఏది నిజం? 1972లో తీసేద్దామనుకున్న అతుకులే ఇవి, ఇంకో రూపంలో తిరిగొచ్చాయి.

కొత్త వెర్షన్‌కు మారడం ఇంకో తలనొప్పి. ఎస్‌ఏపీ తన కొత్త తరం సాఫ్ట్‌వేర్ ఎస్/4హానాను 2015లో తెచ్చింది. అంతకుముందు తరం సాఫ్ట్‌వేర్ అయిన ఈసీసీకి మామూలు సపోర్ట్ 2025తో ఆపేస్తామని మొదట అంది. కస్టమర్లు కదలకపోయేసరికి 2020లో ఆ గడువును 2027 చివరికి జరిపింది. కదలకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే అనుకోకూడదు. ఇరవై ఏళ్లలో ‘మా దగ్గర అలా కుదరదండీ’ అన్న ప్రతిసారీ రాయించిన కోడ్ అక్కడ వేల సంఖ్యలో ప్రోగ్రాములుగా ఉంది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఏది తీసేస్తే ఏది కూలుతుందో చెప్పగలిగేవాళ్లు లేరు. ఈసారి మాత్రం ప్యాకేజీని ఉన్నదున్నట్టు వాడదామని కంపెనీలు గట్టిగానే అనుకుంటున్నాయి, దానికి ‘క్లీన్ కోర్’ అని పేరు కూడా పెట్టారు. కిందటిసారి కూడా ఇంత గట్టిగానే అనుకున్నారు.

లోపల మాత్రం కొన్ని ఏమీ మారలేదు. ఎస్‌ఏపీలో సప్లయర్ నంబర్ ఉండే గడిని ప్రపంచమంతా ‘లిఫ్నర్’ అనే అంటారు, ఎందుకంటే జర్మన్‌లో సప్లయర్‌ను లీఫెరాంట్ అంటారు. ఫ్యాక్టరీ గడి ‘వెర్క్స్’, అదీ జర్మనే. జర్మన్ ముక్క రాని కన్సల్టెంట్లు రోజూ వాడే మాటలివి. ఇక కొత్త సిస్టమ్‌లోకి డేటా మార్చాలంటే పదిహేనేళ్ల చరిత్రంతా తేవడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఇంకా తీరని ఆర్డర్లు, బాకీలు, ఒకటి రెండేళ్ల లెక్కలు తెచ్చుకుని మిగతాది పాత సిస్టమ్‌లోనే వదిలేస్తారు. పన్నుల వాళ్లో ఆడిటర్లో ఎప్పుడు పాత బిల్లు అడుగుతారో తెలియదు కాబట్టి పాతదాన్ని ఆపేయరు. కొత్త ఎంట్రీలు పడకుండా తాళం వేసి, చూడ్డానికి మాత్రం ఉంచుతారు. ఏ ఏడో పదో ఏళ్లు అది ఒక మూల సర్వర్ మీద నడుస్తూనే ఉంటుంది, లైసెన్సు డబ్బు కడుతూనే ఉంటారు. దాని పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు, అందులో ఒకరు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆ 20 బేరింగులు తర్వాత వచ్చాయో లేదో తెలుసుకోవాలన్నా అందులోకే వెళ్లి చూడాలి.